కొట్టు మూసేవేళ దెయ్యం భయం: ఏ చప్పుడు ఎక్కడిది, ఏం చేయాలి

మీరడిగింది ఇదండి. పాలకొల్లు దగ్గర కిరాణా, ఫ్యాన్సీ కలిసిన కొట్టు. ముందు షట్టరు, వెనక సరుకు గది. రాత్రి 10 గంటలకి మూసే పని 22 ఏళ్ళ కుర్రాడిది. ఈ మధ్య వరసపెట్టి దెయ్యం సినిమాలు సెకండ్ షోలకి వెళ్ళాడు, ఇప్పుడు రెండు వారాలుగా ఒంటరిగా మూయనంటున్నాడు. ఫ్రిజ్ దానంతటదే కొట్టుకుంటోందట, కాటా మీద ఏమీ పెట్టకుండా అంకెలు మారుతున్నాయట, కెమెరాలో తెల్లటి ఉండలు తిరుగుతున్నాయట, చీర కట్టిన బొమ్మ తనవైపే చూస్తోందట. నమ్మకమైన కుర్రాడు, వదులుకోలేం, ఏం చేయాలి అన్నారు.

అతను చెప్పినవన్నీ జరిగేవేనండి. అబద్ధం ఒక్కటీ లేదు. ఫ్రిజ్ కొట్టుకుంటుంది, కాటా అంకెలు మారతాయి, కెమెరాలో ఉండలు కనిపిస్తాయి. అందుకని "అంతా నీ భ్రమ" అనకండి. ఆ మాట అన్నాక ఇంకేం చెప్పినా వినడు, ఎందుకంటే అతని కళ్ళతో అతను చూశాడు. ఒక్కో చప్పుడికీ దాని యజమానిని పట్టి చూపించాలి. పగలు అమ్మకాల గోలలో వినపడని చప్పుళ్ళు ఫ్యాన్లు ఆపగానే బయటపడతాయి. సినిమా చూసొచ్చిన చెవి వాటికోసమే కాచుకుని ఉంటుంది.

అన్నిటికన్నా ముందు లైట్ల స్విచ్చుల సంగతి చూడండి. సగం భయం అక్కడే ఉంటుంది. చాలా పాత కొట్లలో లైట్ల బోర్డు వెనక సరుకు గది గుమ్మం పక్కనో, గల్లాపెట్టె వెనక గోడకో ఉంటుంది. మూసేవాడు అక్కడ లైట్లన్నీ ఆర్పి, 20, 30 అడుగులు చీకట్లో, వీపు సరుకు గదివైపు పెట్టి, షట్టరు దాకా నడవాలి. ఏ దెయ్యం సినిమా తీసేవాడైనా సరిగ్గా ఆ నడకనే తెర మీద చూపిస్తాడు. మీ కుర్రాడు రోజూ రాత్రి ఆ సీను చేసి వస్తున్నాడు. ధైర్యం నూరిపోయడం కన్నా ఆ చీకటి నడక తీసేయడం తేలిక.

దానికి కావలసింది మేడమెట్లకి వేసే వైరింగే. రెండు టూ వే స్విచ్చులు, 6 ఆంపియర్లవి చాలు. ఒకటి వెనక బోర్డులో, రెండోది షట్టరు పక్క గోడకి. ఒక్కో స్విచ్చుకి మూడు టెర్మినళ్ళుంటాయి. ఫేజు మొదటి స్విచ్చు మధ్య టెర్మినల్‌కి వెళ్ళాలి, బల్బుకి వెళ్ళే వైరు రెండో స్విచ్చు మధ్య టెర్మినల్ నుంచి రావాలి, మిగతా రెండేసి టెర్మినళ్ళనీ రెండు వైర్లతో కలపాలి. కొందరు వైరు ఆదా చేద్దామని ఒక్కో స్విచ్చుకీ ఫేజు, న్యూట్రల్ రెండూ ఇచ్చేస్తారు. అలా వద్దని గట్టిగా చెప్పండి. ఆ పద్ధతిలో బల్బు ఆరిపోయి ఉన్నా హోల్డరులో కరెంటు ఉండొచ్చు, బల్బు మార్చేవాడికి ప్రమాదం. షట్టరు దగ్గరి స్విచ్చుని నేల నుంచి 3 అడుగుల ఎత్తులో, బయట నిలబడి చెయ్యి లోపలికి పెడితే అందేలా బిగించమనండి. బయటికొచ్చి, షట్టరు నడుము దాకా దించి, వంగి చెయ్యి పెట్టి లైటు ఆర్పి, మిగతాది కిందికి లాగేయడమే. చీకటి కొట్టు లోపల అతను ఒక్క అడుగు కూడా వేయక్కర్లేదు. లైను అంతా మార్చక్కర్లేదు, మధ్య వరసలో ఒక్క లైటుకి చేస్తే చాలు. ఇన్వర్టరు ఉంటే ఆ లైటు దాని మీద పెట్టండి. వానాకాలం సరిగ్గా మూసేవేళకే కరెంటు పోయే రోజులు మనకి తెలిసినవే.

ఎలక్ట్రీషియన్ వచ్చాడు కాబట్టి ఇంకోటి కూడా చూపించండి. స్విచ్చు ఆపాక కూడా ఎల్‌ఈడీ బల్బు సన్నగా వెలుగుతోందా, ఉండుండి ఒక్కసారి మెరుస్తోందా? రెండు కారణాలు. స్విచ్చులో చిన్న ఎర్ర ఇండికేటరు ఉంటే దాని గుండా పోయే కొద్దిపాటి కరెంటు బల్బు లోపల పోగుపడి తటాల్న మెరుస్తుంది. అది చిరాకే గాని ప్రమాదం కాదు, ఇండికేటరు లేని స్విచ్చు వేయిస్తే పోతుంది. రెండోది, స్విచ్చు ఫేజు మీద కాకుండా న్యూట్రల్ మీద ఉండటం. అది ప్రమాదమే, ఆ రోజే సరిచేయించాలి.

ఇక ఫ్రిజ్. మామూలుగా మోటారు ఆగేటప్పుడు లోపల స్ప్రింగుల మీద కూర్చున్న కంప్రెసరు ఒక్క కుదుపు కుదుపుతుంది, "ధడ్" మంటుంది. ఆ తరవాత గొట్టాల్లో గ్యాసు సర్దుకుంటూ కాసేపు గుడగుడలాడుతుంది. ఇవి రోగాలు కావు. కానీ "టిక్", ఒక మూలుగు, మళ్ళీ "టిక్", రెండు మూడు నిమిషాలు నిశ్శబ్దం, మళ్ళీ అదే వరస అయితే మాత్రం కుర్రాడికి థాంక్స్ చెప్పండి, మీ కంప్రెసరుని కాపాడాడు. ఓల్టేజీ చాలక మోటారు లేవలేకపోతోంది. వేడెక్కగానే ఓవర్‌లోడు అనే రక్షణ స్విచ్చు దాన్ని ఆపేస్తోంది, చల్లారాక మళ్ళీ ప్రయత్నిస్తోంది. మన డెల్టాలో రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ రాత్రి పూటే పడిపోతుంది కాబట్టి నీళ్ళలో గాలి కలిపే మిషన్లు, ఏరేటర్లు, రాత్రే ఎక్కువ తిరుగుతాయి. ఆ చెరువులూ మీ కొట్టూ ఒకే లైను మీద ఉంటే రాత్రి 9 దాటాక ఓల్టేజీ జారడం మామూలే. ఓల్టేజీ కొలిచే మల్టీమీటరు పెట్టి మూసేవేళ ఒకసారి చూడండి. 230 ఉండాల్సిన చోట 180 కన్నా దిగిపోతుంటే స్టెబిలైజరు లేకుండా ఫ్రిజ్ నడపొద్దు. స్టెబిలైజరు కూడా ఆన్ అయ్యేముందు రెండు మూడు నిమిషాలు ఆగేది చూసి తీసుకోండి. ఆగిన కంప్రెసరుని వెంటనే లేపకూడదు.

కూల్‌డ్రింకుల ఫ్రిజ్ గాజు తలుపు దానంతటదే తెరుచుకుందంటే ముందు కాళ్ళు పల్లంగా ఉన్నట్టు. ముందు స్క్రూ కాళ్ళు రెండు చుట్లు తిప్పి పైకి లేపితే తలుపు దాని బరువుకి అదే మూసుకుంటుంది. రబ్బరు పట్టీ పట్టు చూడాలంటే 10 రూపాయల నోటు మధ్యలో పెట్టి తలుపు వేసి లాగండి. బిగువుగా రావాలి. ఊరికే జారిందంటే పట్టీని గోరువెచ్చటి సబ్బునీళ్ళతో తుడిచి మళ్ళీ చూడండి, అప్పటికీ జారితే మార్చాలి.

కాటా విషయం చిన్నది. 5 గ్రాముల తేడా కూడా చూపించే కాటా మీద సీలింగ్ ఫ్యాను గాలి పడితే చాలు, అంకె ఊగుతుంది. బ్యాటరీ దిగిపోయినా అంకెలు గెంతుతాయి. దాని కింద బొద్దింకలు గూడు కట్టినా, పళ్ళెం కింద ఒక బియ్యపు గింజ ఇరుక్కున్నా అంతే. పళ్ళెం తీసి బ్రష్షుతో దులిపి, రాత్రి స్విచ్చు ఆపి, గుడ్డ కప్పేయండి. ఇది పగటి తూకానికీ మంచిది.

గుమ్మంలో మనిషి రాగానే "టింగ్ టాంగ్" అనే సెన్సారు బెల్లు ఉంటే అది కూడా అనుమానితుల్లో ఒకటి. కదిలే వేడిని పసిగట్టి మోగుతుంది. మనిషే కానక్కర్లేదు, పిల్లి వచ్చినా చాలు, బల్లి ఆ తెల్లటి అద్దం మీద పాకినా చాలు. బ్యాటరీ నీరసించినప్పుడు కారణం లేకుండా కూడా మోగుతుంది. అద్దం కింది సగానికి నల్ల టేపు వేస్తే పిల్లుల గొడవ పోతుంది. మూసేటప్పుడు మొదట ఆపాల్సింది ఆ బెల్లునే.

కెమెరాలో ఉండల సంగతి కాస్త వివరంగా చెప్పాలండి, ఎందుకంటే ఫోనులో అర్ధరాత్రి "కదలిక" అని మెసేజీ వచ్చి ఇంట్లోవాళ్ళంతా భయపడేది దీనికే. చీకట్లో కెమెరా తన చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ లైట్లతో చూస్తుంది. మన కంటికి ఆ వెలుగు కనిపించదు, కెమెరాకి మాత్రం పట్టపగలే. లెన్సుకి నాలుగు అంగుళాల దూరంలో ఎగిరే దోమ, దుమ్ము రేణువు, వాన చుక్క ఆ వెలుగు తగిలి ధగధగలాడతాయి. దగ్గరగా ఉండటంతో ఫోకస్ కుదరక గుండ్రటి తెల్ల ఉండలుగా పడతాయి. పురుగుల కోసం సాలీడు అక్కడే గూడు కడుతుంది. ఒక్క పోగు గాలికి ఊగితే తెల్లచీర కొంగు ఊగినట్టుంటుంది. పిల్లి కళ్ళు మెరవడం కూడా ఇందుకే, వాటి కంటి వెనక వెలుగుని తిప్పికొట్టే పొర ఉంటుంది. వారానికోసారి పొడి మెత్తటి గుడ్డతో లెన్సు చుట్టూ తుడవాలి. మధ్య వరసలో చిన్న 5 వాట్ల బల్బు రాత్రంతా వదిలేసి, కెమెరా సెట్టింగుల్లో ఇన్‌ఫ్రారెడ్ ఆపేస్తే ఉండలు చాలావరకు పోతాయి. వీడియో రంగుల్లో వస్తుంది, నిజంగా దొంగ వస్తే చొక్కా రంగు కూడా తెలుస్తుంది.

చీర కట్టిన బొమ్మ విషయంలో చాలామంది చేసే పొరపాటు రాత్రి పూట తెల్ల దుప్పటి కప్పడం. అది ఇంకా భయంకరంగా ఉంటుంది. పూల డిజైను పాత చీర కప్పండి, లేదా మొహం గోడవైపు తిప్పేయండి. మనిషి మెదడు రెండు కళ్ళు, ఒక నోరు ఉన్నట్టు అనిపిస్తే చాలు మొహం కట్టేస్తుంది, మసక వెలుతురులో మరీను. అద్దాల ర్యాకు గల్లా ఎదురుగా ఉంటే చోటు మార్చండి. మసక వెలుతురులో అద్దంలో తన మొహాన్నే తదేకంగా చూస్తే కాసేపటికే మొహం వంకర్లు పోయి ఎవరిదోలా కనిపిస్తుందని ఇటలీ పరిశోధకుడు జొవాన్నీ కాపుటో 2010లో రాశాడు. జీరో బల్బు కింద డబ్బు లెక్కపెడుతూ మాటిమాటికీ తలెత్తి అద్దంలోకి చూసే కుర్రాడిది అదే పరిస్థితి. డబ్బు లెక్క లైట్లన్నీ వెలుగుతుండగానే అయిపోవాలి.

ఎగ్జాస్ట్ ఫ్యాను బోల్టులు కూడా బిగించి చూడండి. ఇంగ్లండులో ఒక ల్యాబులో పనిచేసేవాళ్ళకి ఒళ్ళు జలదరించడం, కంటి కొసన బూడిదరంగు నీడ కనిపించడం జరిగేదట. కొత్తగా బిగించిన ఫ్యాను చెవికి వినపడని 19 హెర్ట్‌జ్ మోతను గదిలో నింపుతోందనీ, దాన్ని సరిచేశాక అది పోయిందనీ అక్కడ పనిచేసిన ఇంజినీరు విక్ టాండీ 1998లో రాశాడు. ప్రతి నీడకీ ఫ్యానే కారణం అనడం లేదు. కానీ గోడ అదిరేలా ఊగే ఫ్యానుని ఎలాగూ బాగుచేయించాలి కదా.

ఇక చిన్నా చితకా చప్పుళ్ళు. ఎండకి కాగిన షట్టరు పొద్దుగూకాక చల్లారుతూ ముడుచుకుంటుంది. 3 మీటర్ల ఇనుప రేకు 20 డిగ్రీలు చల్లబడితే ముప్పాతిక మిల్లీమీటరు దాకా తగ్గుతుంది, ఆ సర్దుబాటే "టక్ టక్". నర్సాపురం వైపు ఉప్పుగాలికి పక్క గాడులు తుప్పు పడితే చప్పుడు ఇంకా పెరుగుతుంది. గాడిలో గ్రీజు దట్టించకండి, దుమ్ము పట్టి ముద్ద కడుతుంది. గరుకు గుడ్డతో తుడిచి కొవ్వొత్తి రుద్దండి. 15 కిలోల నూనె డబ్బా మూత చల్లబడగానే "డబ్" మంటుంది. ఖాళీ ప్లాస్టిక్ సీసాలు "టప్" మంటాయి. కురిడీ కొబ్బరికాయల బస్తాలో ఒకటి జారితే మిగతావి దొర్లి, లోపలి కురిడీలు గలగలమంటాయి. వేలాడే చిప్స్ ప్యాకెట్లు ఫ్యాను ఆగాక కూడా కాసేపు గరగరలాడతాయి. పైకప్పు మీద దబ్బుమంటే కొబ్బరి మట్ట, పరుగులైతే మానుపిల్లి. నేల దగ్గర గోకుడైతే పందికొక్కు. దీనికి మాత్రం వెంటనే బోను పెట్టాలి, ఒక్కటి చేరినా పప్పు బస్తాలు మిగలవు. అర్ధరాత్రి ఆడమనిషి కీచుమన్నట్టు అరుపు వినిపిస్తే అది తెల్లమొహం గుడ్లగూబ. దాన్ని తరమకండి. ఎలుకల్ని తింటుంది, కిరాణా కొట్టుకి అంతకన్నా మంచి చుట్టం లేదు.

గుమ్మానికి దిష్టికి కట్టిన బూడిద గుమ్మడికాయ చూశారా? రాత్రి పూట ఎవరో గుమ్మంలో పడ్డట్టు చప్పుడైందంటే మొదట తలెత్తి చూడాల్సింది దాన్నే. తొడిమ ఊడని, బూడిద చెరగని కాయ తీసుకుంటే ఎక్కువ కాలం ఉంటుంది. తడిచేత్తో తుడిస్తే తొందరగా కుళ్ళుతుంది. అడుగున మెత్తబడిందన్నా, చుక్క కారిందన్నా ఆ రోజే దించేయాలి. 5 కిలోల కాయ ఆ ఎత్తునుంచి తలమీద పడితే దిష్టి మాట దేవుడెరుగు, ఆసుపత్రే.

కుర్రాడికి సినిమాల గురించి కూడా చెప్పండి. సినిమాలు మానెయ్ అని కాదు, ఇష్టమున్నవాడిని ఎందుకు ఆపాలి? అతన్ని భయపెట్టిన సరుకంతా అతను రోజూ అమ్మేదేనని చూపించండి. 1960లో హిచ్‌కాక్ తీసిన సైకోలో స్నానాల గదిలో పారిన రక్తం చాక్లెట్ సిరప్. నలుపు తెలుపు సినిమా కాబట్టి రంగుతో పని పడలేదు. కత్తి దిగే చప్పుడు కర్బూజ జాతి కాయని పొడిస్తే వచ్చింది. 1973 నాటి ది ఎక్సార్సిస్ట్‌లో దెయ్యం పట్టిన పిల్ల కక్కిన పచ్చటి వాంతి బఠాణీ సూపు. 1978లో వచ్చిన హాలోవీన్‌లో హంతకుడి తెల్ల మొహం ఒక టీవీ సీరియల్ కెప్టెన్ రబ్బరు ముసుగు. దుకాణంలో రెండు డాలర్ల లోపే కొని, కళ్ళ కన్నాలు పెద్దవి చేసి, తెల్ల రంగు కొట్టారు. అంటే ఫ్యాన్సీ షాపు సరుకు. అదే ఏడాది వచ్చిన, సచ్చినోళ్ళు లేచి షాపింగ్ మాల్లో తిరిగే డాన్ ఆఫ్ ది డెడ్‌ని అమెరికాలో మన్రోవిల్ అనే ఊరి మాల్లో తీశారు. కొట్లు మూశాక రాత్రంతా షూటింగ్, తెల్లారి కొట్లు తెరిచే వేళకి సర్దేయడం. క్రిస్మస్ అలంకరణలు కట్టిన రోజుల్లో షూటింగే ఆపేశారు, ఎందుకంటే రోజూ ఆ తోరణాలు విప్పి మళ్ళీ కట్టడం అయ్యే పని కాదు. ఆ బాధ దీపావళికి షాపు ముస్తాబు చేసిన ఎవరికైనా అర్థమవుతుంది.

ఒక మధ్యాహ్నం ఖాళీ వేళ అతనిచేత రెండు పనులు చేయించండి. గ్లాసుడు నీళ్ళలో అర చెంచా పసుపు, చిటికెడు తాంబూలం సున్నం కలపమనండి. మన దిష్టి ఎర్రనీళ్ళే, తెర మీద అయితే నెత్తురు. తరవాత, పచ్చి మునక్కాడని చెవి దగ్గర పెట్టి మెల్లగా మెలితిప్పమనండి. ఎముక విరిగే చప్పుడికి సినిమావాళ్ళు వాడే సెలరీ కాడల పని అదీ చేస్తుంది. ఫోనులో అతన్ని బాగా హడలగొట్టిన సీనుని మొదట శబ్దం లేకుండా, తరవాత శబ్దంతో చూపించండి. హఠాత్తుగా పెద్ద చప్పుడైతే ఆలోచన కన్నా ముందే ఒళ్ళు ఉలిక్కిపడుతుంది. అందుకే ఆ దెబ్బకి ముందు కొన్ని క్షణాలు అంతా మౌనం చేస్తారు. ఫ్యాన్లన్నీ ఆపిన మీ కొట్టు కూడా అలాంటి మౌనంలోనే ఉంటుంది. కాబట్టి మూసేటప్పుడు చిన్న రేడియోనో, ఫోనులో పాటలో పెట్టుకోనివ్వండి. ఇయర్‌ఫోన్లు మాత్రం వద్దు, నిజంగా ఎవరైనా వస్తే వినపడాలి.

వైరింగ్ అయ్యాక ఒక వారం ఇలా నడపండి. మొదటి మూడు రోజులు మీరు పక్కనే ఉండండి, కానీ ముందు నడిచేది, ప్రతి చప్పుడూ దేనిదో చెప్పేది అతనే. తరవాత రెండు రోజులు మీరు గుమ్మం బయట అరుగు మీద. ఆరో రోజు ఎదురు టీ కొట్టు దగ్గర. ఏడో రోజు ఇంటి దగ్గర, మూశాక ఒక ఫోను. వెనక్కి జారితే ముందు రోజు మెట్టు మీద ఇంకో రాత్రి ఉండండి, తిట్టక్కర్లేదు. మూసే వరస ఎప్పుడూ ఒకటే ఉండాలి: సెన్సారు బెల్లు, డబ్బు లెక్క, అగరొత్తి, దీపం ఆరిందో లేదో చూడటం, సరుకు గది తలుపు గడియ, వెనక లైట్లు, ఫ్యాన్లు, షట్టరు సగం, ఆఖరి లైటు, తాళం. ఫ్రిజ్, కెమెరా విడి స్విచ్చు మీద ఉండాలి, మెయిన్ ఆపేస్తే పాలు విరిగిపోతాయి. షట్టరు దించాక ఎవరైనా తడితే తెరవొద్దని చెప్పండి. పసిపిల్లల పాలపొడి కోసం వచ్చినా ముందు మీకు ఫోను చేయమనండి. ఆ జాగ్రత్తని పిరికితనం అని ఎవరూ అనకూడదు.

తోటి కుర్రాళ్ళు వెనక నుంచి "భౌ" మనడం, ముసుగు వేసుకుని ర్యాకు సందులోంచి దూకడం ఈ రోజునుంచే ఆపించండి. చేతిలో షట్టరు కొక్కెం ఉన్నవాడు ఉలిక్కిపడితే తగిలేది ఎదుటివాడి కంటికి. ఇంట్లోవాళ్ళు తాయెత్తు కట్టిస్తామంటే అడ్డు చెప్పకండి, దానితోపాటు స్విచ్చు కూడా వేయించండి. నెల దాటినా నిద్ర పట్టకపోయినా, పగలు కూడా గుండె దడ ఉన్నా, ఇంట్లో కూడా ఒంటరిగా ఉండలేకపోయినా అప్పుడు అది కొట్టు సంగతి కాదు. డాక్టరుకి చూపించండి, లేదా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైను టెలీ మానస్ 14416కి ఫోను చేయమనండి. ఖర్చు లేదు, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

కొత్త దెయ్యం సినిమా పడిందంటే వెళ్ళనివ్వండి, కానీ సెకండ్ షో బదులు మ్యాట్నీకి పంపండి. ఆ రాత్రి మూసే పని మీరు చూసుకుని, మర్నాడు పొద్దున్నే తెరిచే పని అతనికి అప్పజెప్పండి.